పాటకు ముందు సైరన్

బిలాస్‌పూర్,
రైల్వే కాలనీ

చిరంజీవి తమ్ముడు తిరుమలరావుకు అక్క దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. అలా రాయడం అలవాటు గనుక రాశాను, పూర్తిగా నిజం కాదు. ఫోన్‌లో చెబుదామంటే అమ్మ నా కొంగు వదలడం లేదు, అందుకే ఈ ఉత్తరం.

ముందు నువ్వడిగినవి చెబుతాను. అమ్మ మోకాళ్ళు పరవాలేదు. నీ పాటల ఆల్బమ్ అట్ట మీదికి అమ్మ ఫోటో కావాలన్నావు. గోల్ బజార్ స్టూడియోకి రమ్మంటే, "ఈ పళ్ళూడిన మొకం ఎవులు సూస్తారే" అని కూర్చుంది. ఇక అమ్మ ఎప్పుడూ పాడకుండా ఆపేసే ఆ చివరి చరణం సంగతి తర్వాత రాస్తాను.

నువ్వు పంపిన నమూనా సీడీ అందింది. యుద్ధకాలపు పాటలన్నీ ఒకచోట చేర్చాలని నువ్వు ఊరూరా తిరగడం, పాత గ్రామఫోన్ ప్లేట్లు వెతకడం, ముసలివాళ్ళ చేత పాడించడం నాకూ గొప్పగానే ఉంది. కానీ అమ్మ పాటకు ముందు ఆ సైరన్ ఎందుకు పెట్టావురా? వినేవాళ్ళకు ఆ రోజులు తెలియాలని పెట్టి ఉంటావు. ఆ రోజుల్లో బతికిన మనిషి కూడా వింటుందని నీకు తోచలేదు.

ఇక్కడి రైలింజన్ల షెడ్డు సైరన్ ఇన్నేళ్ళుగా రోజూ వింటూ పట్టించుకోని అమ్మ, నీ సైరన్ వినగానే లేచి లైట్లన్నీ ఆర్పేసింది. మర్నాడు చెత్త వేసే నల్ల సంచులు చింపి, అన్నం మెతుకులతో కిటికీలకు అతికించింది. విశాఖ మీద బాంబులు పడిన ఏడాది వాళ్ళింట్లో నల్ల కాగితం అలాగే అంటించేవారట. మీ బావ డ్యూటీ నుంచి వచ్చి, "ఏటే కనకం, పట్టపగలు ఈ సీకటేటి?" అని నవ్వారు. నేనూ నవ్వాను.

అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను, కోప్పడకు. పోయిన గురువారం నేను స్నానం చేసి వచ్చేసరికి అమ్మ ఇంట్లో లేదు. కాలనీ అంతా వెతికాం. చివరికి స్టేషన్‌లో, విశాఖ బండి ఆగే ప్లాట్‌ఫారం మీద బెంచీ చివర కూర్చుని కనబడింది. పక్కన తువ్వాలు పరిచి చోటు ఉంచింది. అక్కడ ఎవరినీ కూర్చోనివ్వడం లేదని టీ అమ్మే ఆయన హిందీలో చెప్పాడు.

ఆ చోటు అమ్మ తమ్ముడు చిన్నారావు మామయ్యది. చిన్నతనంలోనే జ్వరంతో పోయాడని మనకు చెప్పేది కదా, అది నిజం కాదట. బాంబులకు భయపడి ఊరంతా ఖాళీ చేసి పోతుంటే వాల్తేరు స్టేషన్‌లో సైరన్ కూసింది. పసివాడు బెదిరిపోయి, మన అమ్మ చెయ్యి విడిపించుకుని జనంలోకి పరిగెత్తాడట. మళ్ళీ కనబడలేదు. మామయ్య ఉంటే ఇప్పుడు ఎనభై దాటిన ముసలాయన అని చెప్పబోయి, తువ్వాలు కదపకుండా అమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

చివరి చరణం ఆ బెంచీ మీదే పాడింది. అది అందరూ పాడుకున్నది కాదు, అమ్మ సొంతంగా కట్టుకున్నది. అందులో మామయ్య పేరుంది, వాళ్ళ వీధి పేరుంది, ఎడమ చెవి పోగు ఉంది, అక్క ఎదురుచూస్తోందన్న మాట ఉంది. ఫోన్‌లో రికార్డు చేశాను. నీకు పంపాలా వద్దా అని ఇన్నాళ్ళూ కొట్టుమిట్టాడాను.

గేటుకు తాళం వేసి ఉంచుతున్నాం. బండి కూత వినబడితే చాలు, చేతిలో పని వదిలి అమ్మ గదిలోకి తొంగిచూస్తున్నాను. నాకు భయంగా ఉందిరా. చరణం ఈ రోజే పంపుతున్నాను. ఆల్బమ్ బయటికి వచ్చేలోగా ఆ సైరన్ తీసెయ్యి. ఈ మాట నాది కాదు. నిన్న అమ్మే నన్ను పిలిచి అడిగింది.

"కనకం, మన తిర్మల ఏసే ప్లేటు అన్నూళ్ళకీ ఎల్తాదేటి?"

"ఎల్తాదమ్మా."

"అయితే ఆ సివరిది కూడా ఎయ్యమను. ముందల ఆ కూత మాత్రం తీసెయ్యమను. అదింటే మా చిన్నారావు మళ్ళీ పరిగెట్టేస్తాడు. పాట దాకా ఆగడు."

ఇట్లు,
నీ జవాబు కోసం చూస్తూ,
అక్క కనకం