తెర మీద ఫ్రాంక్‌ఫర్ట్ వాన

ఒర్దీబెహెష్త్ 10, ఆదివారం

ఈరోజు పరువు పోయింది.

నా కోడలు నస్తరన్ కంప్యూటర్ తెర మీద కుడి మూలన ఒక చిన్న పెట్టె ఉంటుంది. మేఘం బొమ్మ, పక్కన గడియారం. దాన్ని విడ్జెట్ అంటుంది. దుమ్ము తుడుస్తూ చూశాను కదా, మేఘం కింద చినుకులు. వానట! మేడ మీద పుదీనా ఆరబోసి ఉంది, దుప్పట్లు ఉన్నాయి. మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి అన్నీ కిందికి మోసుకొచ్చాను. పక్కింటి తూబా తన మేడ మీద నుంచి చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. ఈ ఎడారి యజ్ద్‌లో వానేంటే సొగ్రా, మన ఊరి మేఘాలు కూడా టికెట్ కొనుక్కుని ఇస్ఫహాన్ పోతాయి కదా అంది.

సాయంత్రం దాకా ఒక్క చుక్క లేదు. పుదీనా సగం నలిగిపోయింది. బీపీ మాత్ర కూడా ఆ గడియారం చూసే వేసుకున్నాను. తీరా మసీదులో బాంగు వినపడింది. ఆ గడియారం కూడా తప్పే. ఆలస్యంగా వేసుకున్న మాత్ర పనిచేస్తుందో లేదో. రాత్రంతా చెయ్యి పట్టుకుని నాడి చూసుకుంటూ పడుకోవాలి.

ఒర్దీబెహెష్త్ 12, మంగళవారం

నస్తరన్‌ని అడిగాను, ఆ పెట్టె అబద్ధాలెందుకు చెబుతోందని. నవ్వింది. వీపీఎన్ వేసుందత్తయ్యా, సగం సైట్లు మూసేశారు కదా మన దగ్గర, అందుకని దొడ్డిదారిన పోవాలి, ఆ దారి వేరే దేశం మీదుగా పోతుంది, ఈ పిచ్చి విడ్జెట్టేమో మనం ఆ దేశంలోనే ఉన్నామనుకుని అక్కడి వానా అక్కడి టైమూ చూపిస్తుంది, పట్టించుకోకండి అంది. అని మళ్ళీ తన డిజైన్లలో పడిపోయింది.

ఇంట్లో కుర్చీలో కూర్చున్న మనిషి వేరే దేశంలో ఉన్నట్టు ఎవరనుకుంటారు? నేను నలభై దాటాక రాత్రి బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నదాన్నే. అలాగని ఎడ్డిదాన్ని కాదు. మేఘం పక్కన చిన్న అక్షరాలున్నాయి. కూడబలుక్కుని చదివాను. ఫ్రాంక్‌ఫర్ట్.

తూబాని అడిగితే జర్మనీలో ఊరంది. వాళ్ళ చెల్లెలి కూతురు ఊరికే చూసి వస్తానని పోయిందట. చూస్తూనే ఉందట ఇప్పటికీ.

ఒర్దీబెహెష్త్ 16, శనివారం

ఈరోజు ఆ పెట్టెలో ఆమ్‌స్టర్‌డామ్.

ఒర్దీబెహెష్త్ 17, ఆదివారం

హెల్సింకి. చలి ఊరట. పుచ్చకాయల బండి దగ్గర కాయ కాయా తట్టి చూసినట్టు ఊళ్ళన్నీ తట్టి చూస్తోంది ఈ పిల్ల.

నస్తరన్ పోతే నా గతేమిటి? పిల్లల్లేరు, ఆమెను ఈ ఇంటికి కట్టి ఉంచేదేముంది. ఖలీల్‌కి టీ కాచుకోవడం రాదు. వాడు నా కడుపున పుట్టినవాడే, కాని నా కంట్లో మందు చుక్కలు వేయమంటే సీసా నా ముక్కు మీద పెడతాడు. ఆ పిల్ల మాత్రం రెప్ప పైకెత్తి, ఊదుతూ, ఒక్క చుక్క పక్కకి పోకుండా వేస్తుంది. ఆమె మంచిది కాదని నేనెప్పుడూ అనలేదు. మంచివాళ్ళు పోరని ఎక్కడుంది?

ఒర్దీబెహెష్త్ 19, మంగళవారం

అనుకున్నంతా అయింది. మస్కట్ వెళ్తుందట!

నస్తరన్ తర్మే బట్టకి, అదే మా ఊరి పట్టు నేతకి, పువ్వులూ తీగలూ గీస్తుంది, కంప్యూటర్‌లోనే. ఆమె గీసినవి మగ్గం మీద నేస్తారు. మస్కట్‌లో ఏదో బట్టల సంత ఉందట, అక్కడ తన పేరు రాసిన బల్ల ఒకటి ఇస్తారట, మగ్గం ఆడవాళ్ళతో కలిసి పోయి వారం తిరక్కుండా వస్తానంది. పదేళ్ళ నుంచి గీస్తున్నానత్తయ్యా, ఇన్నాళ్ళకి నా పేరు రాశారు అని నా బుగ్గ మీద ముద్దు పెట్టింది. భోజనం చేస్తూ ఖలీల్ సరే అన్నాడు. తల ఎత్తకుండా అన్నాడు.

మస్కట్ దాకా పోయిన మనిషికి ఫ్రాంక్‌ఫర్ట్ ఎంత దూరం?

ఒర్దీబెహెష్త్ 22, శుక్రవారం

బంధువుల పెళ్ళి భోజనం. ఎవరో మా వాడిని చూసి, వీడెవడ్రా అంటే, తర్మే నస్తరన్ మొగుడు అన్నారట. అందరూ నవ్వారట. వాడు కబాబు ముట్టుకోకుండా వచ్చేశాడు. టైల్స్ కొట్టు పెట్టి ఇన్నేళ్ళయింది, నాకంటూ పేరే లేదా అమ్మా అన్నాడు. పాపం. పెరుగన్నం తిని పడుకున్నాడు.

ఒర్దీబెహెష్త్ 23, శనివారం

చెప్పేశాను. కడుపులో ఎన్నాళ్ళు దాచుకుంటాను, బీపీ మనిషిని.

నస్తరన్ మగ్గం దగ్గరికి వెళ్ళాక ఖలీల్‌ని కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. మేఘం, గడియారం, మూడు ఊళ్ళ పేర్లు. వాడు టీ తాగడం ఆపాడు. ఒక క్షణం మూతి మీద నవ్వులాంటిదేదో కదిలింది. తర్వాత ముఖం ముడుచుకుని, ఏ ఊళ్ళమ్మా, మళ్ళీ చెప్పు అన్నాడు. చెప్పాను. నీ కళ్ళతో చూశావు కదా అన్నాడు. చూశాను అన్నాను. దొడ్డిదారి అని ఆమె ఏదో చెప్పిందిరా అని కూడా అన్నాను, అబద్ధమెందుకు. దొంగ దారి దొంగకే తెలుస్తుందిలే అన్నాడు.

చెప్పాక ఒళ్ళు తేలికయింది. పాలకూర పులుసు రెండుసార్లు పోసుకున్నాను.

ఒర్దీబెహెష్త్ 26, మంగళవారం

నస్తరన్ ఇంట్లో లేని వేళ చూసి ఖలీల్ వాళ్ళ బాబాయి హాజీ గులామ్‌ని పిలుచుకొచ్చాడు. చెప్పమ్మా, నువ్వు చూసింది నీ నోటితో చెప్పు అన్నాడు. మళ్ళీ చెప్పాను. పెద్దాయన తస్బీ పూసలు తిప్పుతూ విన్నాడు. గొర్రె తాడూ పెళ్ళాం పాస్‌పోర్టూ చేతిలో ఉంచుకోనివాడు ఉదయం లేచి వెతుక్కోవాల్సిందేరా అన్నాడు. నాకా మాట నచ్చలేదు. గొర్రె ఏమిటి? కాని మగవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో ఎలా దూరడం. పండ్ల పళ్ళెం ముందుకు జరిపాను.

ఒర్దీబెహెష్త్ 28, గురువారం

ఖలీల్ ఏదో ఆఫీసుకి పోయి వచ్చాడు. పెళ్ళాం సరిహద్దు దాటకుండా మొగుడు కాగితం పెట్టొచ్చట, పెట్టేశాడట. ఆమెకి చెప్పకు, ఇంక నిశ్చింతగా ఉండు అన్నాడు.

మధ్యాహ్నం నస్తరన్ పెట్టె సర్దుతూ మస్కట్ నుంచి ఏం తేవాలత్తయ్యా అని అడిగింది. ఏమీ వద్దన్నాను. ఎండకి కళ్ళు నీళ్ళు కారుతున్నాయి కదా, మంచి నల్లద్దాలు తెస్తాను, వేసుకుని తూబా ఖానుం ముందు తిరగండి, కుళ్ళుకుని చస్తుంది అంది.

నోటిదాకా వచ్చింది. మింగేశాను. చెబితే ఇప్పుడే ఇల్లు వదిలి పోతుంది. చెప్పకపోతే సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. ఆగిపోవడమే నయం కదా. నయమే.

ఖోర్దాద్ 3, బుధవారం

బయల్దేరింది. షీరాజ్ దాకా బస్సు, అక్కడి నుంచి విమానం. గడపలో ఖురాన్ ఎత్తి పట్టుకున్నాను, దాని కింద నుంచి వంగి వెళ్ళింది. వెనక నీళ్ళు చల్లాను, పోయినవాళ్ళు క్షేమంగా తిరిగి రావాలని. గిన్నెడు చాలు. నేను బిందెడు పోశాను. కాలవ కట్టిస్తావేంటమ్మా అని ఖలీల్ నవ్వాడు. ఆమె కూడా నవ్వుతూ చెయ్యి ఊపింది.

ఖోర్దాద్ 4, గురువారం

వచ్చేసింది. తెల్లవారి వచ్చిన బస్సులో.

ఎయిర్‌పోర్టులో పాస్‌పోర్టు తీసుకున్న మనిషి తెర వంక చూసి, మీ ఆయన ఆపించాడు, పక్కకి జరగండి అన్నాడట. అందరి ముందూ. మగ్గం ఆడవాళ్ళు ఆమె గీసిన బట్టల మూట తీసుకుని ముందుకి పోయారట. మూట మస్కట్ వెళ్ళింది, మనిషి యజ్ద్ వచ్చింది.

ఆమె అరవలేదు. కోటు కూడా తీయకుండా హాల్లో నిలబడి ఎందుకు చేశావు ఖలీల్ అని అడిగింది. నన్నడుగుతావేం, అమ్మనడుగు, అమ్మే చూసింది, నువ్వు ఏ ఏ దేశాలు వెతుకుతున్నావో బాబాయికి కూడా చెప్పింది అన్నాడు వాడు. నా వైపు చెయ్యి చూపించి మరీ అన్నాడు.

ఆమె నా వైపు తిరిగింది. మీకు చెప్పాను కదత్తయ్యా అంది.

అంతే. ఇంకేమైనా తిట్టుంటే బాగుండేది.

ఖోర్దాద్ 5, శుక్రవారం

పొద్దున్న వచ్చి కంట్లో చుక్కలు వేసింది. ఊదలేదు. మూత బిగించి సీసా నా చేతిలో పెట్టి మేబోద్‌లో పుట్టింటికి పోయింది.

ఈసారి నీళ్ళు చల్లడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఖోర్దాద్ 8, సోమవారం

కంప్యూటర్ ఇంకా ఇక్కడే ఉంది. ఖలీల్ దాని ముందు కూర్చుని బంతాట చూస్తున్నాడు. టీ ఇవ్వబోయి మూలకి చూశాను. ఆ పెట్టెలో మేఘం. టొరంటో! ఒరే, నువ్వు కూడా పోతున్నావా అన్నాను.

వాడు తెర మీంచి చూపు తిప్పకుండా నవ్వాడు. వీపీఎన్ అమ్మా, వీధిలో గోలీలాడే పిల్లల్ని అడిగినా చెబుతారు, ఒక్కోసారి ఒక్కో దేశం చూపిస్తుంది అన్నాడు.

టీ బల్ల మీద పెట్టాను. ఆ రోజు నేను చెప్పినప్పుడు కూడా నీకు తెలుసా అని అడిగాను.

తెలుసు అన్నాడు.

మరి కాగితం ఎందుకు పెట్టావురా?

నువ్వే కదమ్మా భయపడ్డావు, నీ కోసమే పెట్టాను అన్నాడు. ఎవడో గోల్ కొట్టాడు. చప్పట్లు కొట్టాడు.

ఖోర్దాద్ 9, మంగళవారం

నా కోసమేనట.

ఖోర్దాద్ 11, గురువారం

తర్మే నస్తరన్ మొగుడు అన్న మాట మీద తినకుండా వచ్చేశాడే, ఆ రోజు నేను పెరుగన్నం కలిపి పెట్టాను. ఆ మర్నాడే నా నోటితో వాడికి కావలసిన తాడు పేని చేతికిచ్చాను. వాడేమో దానికి నా పేరు కట్టాడు. బాబాయి దగ్గర నా పేరు, నస్తరన్ దగ్గర నా పేరు. కొట్టుకి వచ్చినవాళ్ళ దగ్గర కూడా, ఏం చేయను, మా అమ్మ పట్టుబట్టింది అంటున్నాడట. తూబా చెప్పింది.

నా వల్లేనా? నా వల్లా. కాని నా ఒక్కదాని వల్లే కాదు.

ఖోర్దాద్ 17, బుధవారం

నస్తరన్ తమ్ముడు వ్యాను తెచ్చి కంప్యూటర్ తీసుకుపోయాడు. నాకు సలాం చెప్పలేదు. తీగలు పీకుతూ ఖలీల్‌తో, ఇదన్నా వదులుతారా, దీని మీద కూడా కాగితం పెట్టారా బావా అన్నాడు.

చుక్కలు నేనే వేసుకున్నాను. చెంప మీద పడ్డాయి.

ఖోర్దాద్ 20, శనివారం

తూబాని తోడు తీసుకుని ఆ ఆఫీసుకి పోయాను. తల మీద చాదర్ సర్దుకుని, కాగితం పెట్టించిన మనిషి తల్లిని, పొరపాటు జరిగింది, తప్పు చూసింది నేనే, కొట్టెయ్యండి నాయనా అన్నాను. కుర్రాడు మర్యాదస్థుడే, కుర్చీ వేశాడు. కట్టింది భర్త, విప్పాల్సిందీ భర్తేనమ్మా, అత్తగారి మాటకి ఇక్కడ చోటు లేదు అన్నాడు.

మా ఇంట్లో ఆ మాటకి ఎంత చోటు దొరికిందో అతనికి తెలియదు. తిరిగి వస్తుంటే దారంతా తూబా ఏదో మాట్లాడుతూనే ఉంది. ఒక్క ముక్క వినలేదు.

ఇంటికొచ్చి ఖలీల్‌ని అడిగాను, విప్పెయ్యరా, నా కోసమే కట్టావు కదా, నా కోసమే విప్పు అన్నాను. చూద్దాంలే అన్నాడు.

ఖోర్దాద్ 24, బుధవారం

మేబోద్‌కి ఫోన్ చేశాను. వాళ్ళమ్మ ఎత్తింది. నస్తరన్‌తో ఒక్క మాట అన్నాను. ఏం వదినా, మా ఇంటి మీద ఏ దేశం వాన పడుతోందో చూసి పెట్టారా ఇవాళ అంది. వెనక ఎవరో ఊరుకో అమ్మా అన్నారు. నస్తరన్ గొంతే. గుర్తు పట్టాను. అంతలోనే పెట్టేశారు.

మస్కట్‌లో ఆమె గీసిన బట్టంతా అమ్ముడుపోయిందని మగ్గం ఆడవాళ్ళు చెప్పారు. బల్ల మీద పేరు కూడా రాశారట. పేరు వెనక కుర్చీ ఖాళీగా ఉంటే వచ్చినవాళ్ళు ఈమె ఏది అని అడిగారట. ఒంట్లో బాగోలేదని చెప్పారట.

తీర్ 5, సోమవారం

అర్దకాన్‌లో రెండో పెళ్ళికి ఒక పిల్లని చూసి వచ్చాడట ఖలీల్. నస్తరన్ ఇంకా వాడి పెళ్ళామే. ముసలిదాన్ని చూసుకోవడానికి మనిషి కావాలి, అమ్మే రోజూ పోరుతోంది అన్నాడట అక్కడ.

నేను పోరలేదు. ఎవరు చదువుతారో తెలియదు, పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. నేను పోరలేదు.