ఎవరి మోపు వాళ్లే మోయాలట

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మళ్లీ చలి వచ్చింది. పొద్దున్నే పొయ్యి దగ్గర కాచుకుంటే తప్ప నా పోలియో కాళ్లు కదలడం లేదు. మణుగూరు బొగ్గు కొందామంటే వచ్చే పింఛను తిండికే చాలదు. నువ్వుండగా అడవి నుంచి నీకో మోపు, నాకో మోపు కట్టెలు తెచ్చేదానివి. ఇప్పుడు ఎదురింటి లచ్చమ్మ తెస్తోంది.

నిన్న ఫారెస్టు గార్డు ఆమెను నా వాకిట్లోనే ఆపాడు.

"ఎవల మోపు వాళ్లే మోసుకోవాలె. వేరేటోళ్లకు మోస్తే అమ్మినట్టే, అడవి కట్టెలు అమ్ముడు తప్పు."

ఊతకర్ర మీద బయటికి వచ్చాను. "గీ కాళ్లతోని అడవికి ఎట్ల పోవాలె సారూ?"

"రూలు గట్లనే ఉంది. నేనేం చెయ్యాలె?"

మోపు జప్తు అన్నాడు. కానీ దాన్ని వాడు చేత్తో కూడా ముట్టలేదక్కా. లచ్చమ్మ నెత్తినే పెట్టించి, వీధి చివర ఉన్న తన జీపు దాకా మోయించాడు.

"మరి గిదేంది సారూ? నీకు మోస్తే తప్పు కాదా?" అని అరిచాను. వినబడనట్టు జీపెక్కాడు.

ఈ పొద్దున లచ్చమ్మ మళ్లీ అడవికి పోయింది. ఊతకర్ర పట్టుకుని వాకిట్లోనే కూర్చున్నాను. రానీ వాణ్ణి.