అచ్చులో నీ చెయ్యి

నాన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వుండగా నీ చేతికి తీసిన రబ్బరు అచ్చులో ఈ పొద్దున కొత్తరకం ప్లాస్టర్ పోశాను. దీన్ని నీళ్లతో కాదు, పాలలాంటి పాలిమర్ ద్రవంతో కలపాలి. నీలా గుప్పిళ్లతో చల్లితే ఒప్పుకోదు, తూకం వెయ్యాలి. పోశాక ఇంట్లో ఉండలేక మన రైల్వే కాలనీ, ఓల్డ్ సెటిల్‌మెంట్ సందులన్నీ సైకిల్ మీద తిరిగొచ్చాను.

"ఏటే, ఒక్కకాడ కూకోలేవా?" అని అమ్మ కసిరింది.

గట్టిపడేటప్పుడు ప్లాస్టర్ వేడెక్కుతుందనీ, చల్లారేదాకా అచ్చు విప్పొద్దనీ, వర్క్‌షాప్‌లో పోతపని చేసినన్నాళ్లూ చెబుతూనే ఉన్నావు. నాకెక్కడిది ఆ ఓపిక? విప్పేశాను. చిటికెనవేలు విరిగింది.

అతికిద్దామని జిగురు తెచ్చేసరికి నీ చెయ్యి అమ్మ ఒళ్లో ఉంది.

"ఉండవే, ఇంకా ఎచ్చగున్నాది," అంది.

చల్లారేదాకా నాకు ఇవ్వలేదు.