ఓబయ్య టైము

ఇందుకూరుపేట మీదుగా,
23-2-1963

ప్రియమైన జయక్కకు,

నీ చెల్లెలు ఆనందకుమారి వందనాలతో రాయునది. ‘ఇక్కడ మేమంతా క్షేమం’ అని మొదలుపెట్టాలని బోర్డింగులో మనకు నేర్పారు గాని, ఇక్కడ ఉన్నది నేనొక్కదాన్నే కాబట్టి, నేను క్షేమం. కొత్తగూడెంలో నువ్వూ, నీ గదిలో ఉండే నర్సమ్మలూ దేవుని దయవల్ల కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం పోయిన గురువారం అందింది. అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను. బడి పాకకు కొత్త తాటాకు కప్పించారు. ఇప్పుడు వాన వస్తే నా కుర్చీ మీద తప్ప ఎక్కడా కురవదు. హాజరుపట్టీలో ముప్పైనాలుగు మంది పిల్లలు ఉన్నారు. సముద్రంలో చేప బాగా పడిన రోజున పన్నెండు మందే వస్తారు. నా దగ్గు తగ్గింది. చేపల పులుసు పెట్టడం వచ్చింది, ముళ్ళు తీసుకోవడమే ఇంకా సరిగా రాలేదు.

ఇక నీ చివరి ప్రశ్న. ‘మన మాటలు రాయడం ఎందుకు మానేశావు? నాలుగు ఉత్తరాలుగా చూస్తున్నాను, ఒక్క కొత్త మాటా లేదు’ అన్నావు. దానికి జవాబు చాలా ఉంది. నా మీద కోపం వచ్చినా చివరిదాకా చదువు.

బోర్డింగు బావి దగ్గర బట్టలు ఉతుక్కుంటూ మనిద్దరం ఎన్ని మాటలు పుట్టించామక్కా! ఏదో తెద్దామని గదిలోకి వెళ్ళి, గడప దాటగానే ఏం తేవాలో తోచక నిలబడిపోతే అది ‘గడపమరుపు’. ఒకరి దగ్గర ఘనంగా సెలవు తీసుకుని, తీరా ఇద్దరూ ఒకే దారిన పోవలసివస్తే, ఏం మాట్లాడాలో తెలియని ఆ ఇబ్బంది ‘మళ్లీసెలవు’. ఎదుటి మనిషి వెళ్ళిపోయాక కూడా మన మొహం మీద ఉండిపోయే నవ్వు ‘మిగులునవ్వు’. అది నువ్వు పెట్టిందే. ప్రార్థనలో వార్డెనమ్మ మొహం మీద అది చూసి ఇద్దరం నవ్వి, శిక్షగా మోకాళ్ళ మీద నిలబడ్డాం.

ఈ పల్లెకు వచ్చి మూడేళ్ళు కావస్తోంది. బడి నాలుగింటికి వదిలేస్తాను. అప్పటినుంచి మర్నాడు పొద్దున గంట కొట్టేదాకా నాతో మాట్లాడేవాళ్ళు ఉండరు. ఇక్కడివాళ్ళు చెడ్డవాళ్ళు కారు. చేపలు తెచ్చి గుమ్మంలో పెట్టిపోతారు. దారిలో నేను ఎదురైతే పక్కకు తప్పుకుని దండం పెడతారు. అంతే. మన మాటలు నోటిదాకా వచ్చేవి, చెప్పడానికి మనిషి ఉండేది కాదు.

పోయిన శ్రావణంలో ఒకనాడు ఉండబట్టలేక ‘గడపమరుపు’ గురించి పిల్లలకు చెప్పాను. వాళ్ళు పడీపడీ నవ్వి ఇళ్ళకు మోసుకుపోయారు. వారం తిరక్కుండా, ఎండుచేపలు అమ్ముకునే నాగులమ్మ చేదబావి దగ్గర నన్ను ఆపి, “టీచరమ్మా, నాకీ గడపమరుపు రోజుకి పదిసార్లొస్తా ఉండాది, మందేమన్నా ఉండాదా?” అంది. అక్కా, ఆ పూట నాకు అన్నం సయించనంత సంతోషం వేసింది. తర్వాత ఒక్కొక్కరే ఆగడం మొదలుపెట్టారు. “కొత్త మాటేమన్నా ఉండాదా టీచరమ్మా?” అని అడిగేవారు. మన పాత మాటలన్నీ రెండు నెలల్లో ఖర్చయిపోయాయి. కొత్తవి లేకపోతే మళ్లీ దండం పెట్టి తప్పుకుపోతారేమోనని నాకు భయం పట్టుకుంది.

అప్పుడే ఓబయ్య పేరు వాడుకున్నాను.

మా పల్లెకూ ఇందుకూరుపేట దారికీ నడుమ ఉప్పుటేరు ఉంది. ఓబయ్య దాని మీద పడవ దాటిస్తాడు. అరవై దాటిన మనిషి. పడవ ఎక్కిన ప్రతివాళ్ళనూ “టైమెంతయింది?” అని అడుగుతాడు. చెప్తే తల ఊపుతాడు. నడి ఏట్లో మళ్లీ అడుగుతాడు. చేతికి గడియారం లేనివాళ్ళనూ అడుగుతాడు, వాళ్ళు పొద్దు చూసి చెప్తారు. టైముతో ఆయనకు పనేమీ లేదు. అవసరం లేకపోయినా, ఎదుటివాళ్ళ గొంతు వినడం కోసమే అడిగే ప్రశ్నకు నేను ‘ఓబయ్య టైము’ అని పేరు పెట్టి, పిల్లలకు చెప్పాను.

ఏ మాటా అంత వేగంగా పాకలేదు. ఉప్పు ఉండగానే ఉప్పడగడానికి వచ్చిన పొరుగామె, వల బాగుచేసేవాడి దగ్గర నిలబడి ‘వల బాగుచేస్తా ఉండావా’ అనే ముసలివాడు, అందరికీ అదే పేరు. పల్లె అంతా నవ్వింది. నేనూ నవ్వాను గాని, ఒక మనిషి పేరు మీద కట్టిన మాట నీకు రాయబుద్ధి కాలేదు, అప్పటినుంచే మన మాటలు రాయడం మానేశాను.

జనవరి ఆఖరి బుధవారం పడవలో నేనూ, నాగులమ్మా, మరో ముగ్గురం ఉన్నాం. ఓబయ్య గెడ వేస్తూ అలవాటుగా, “టైమెంతయిందమ్మా?” అన్నాడు.

నాగులమ్మ పకపక నవ్వి, “ఇదిగో, ఓబయ్య టైము అయింది!” అంది. అందరూ నవ్వారు.

“అదేంది?” అన్నాడాయన.

“టీచరమ్మ పెట్టిన పేరులే. పనీపాటా లేకుండా ఊరికే అడిగేదాన్ని అట్టా అంటారంట. ఊరంతా అనుకుంటా ఉంటే నీకొక్కడికే తెలవదా?”

ఆమె మనసులో విషం లేదు, వేళాకోళమే. ఓబయ్య నా వైపు చూశాడు. ‘అది తప్పు తాతా’ అనడానికి నాకు ఏరంత సమయం ఉంది. నేను తల వంచుకుని సంచిలో ఏదో వెతుక్కున్నాను.

ఆ తర్వాత ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. పడవ కట్టడం, విప్పడం, గెడ వేయడం, అంతే. నడి ఏట్లో నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. వారం రోజుల తర్వాత పడవ కూడా ఆగిపోయింది. జ్వరమన్నారు. జనం మూడు మైళ్ళు చుట్టు తిరిగి వెళ్ళవలసివచ్చింది.

“జొరమేం కాదు,” అంది నాగులమ్మ ఒకనాడు, నవ్వు లేకుండా. “పెండ్లాం ఉన్నప్పుడు వేళకి కూటికి పోకపోతే తిడతాదని టైము అడిగేవాడు. అది పోయి నాలుగేండ్లాయె. అలవాటు పోలేదు. నేనన్నా ఆలోచించుకోవద్దా ఆ పొద్దు!”

ఆదివారం ఒక్కదాన్నే ఉప్పుమళ్ళ గట్టు పట్టుకుని ఆయన గుడిసెకు వెళ్ళాను. ఆయన బయట కూర్చుని చిరిగిన వల ముందేసుకున్నాడు. నన్ను చూసి లేవలేదు. కూర్చోమనలేదు.

“ఆ పేరు నేనే పెట్టాను తాతా,” అన్నాను.

“తెలుసు.”

“తప్పు చేశాను.”

దారిలో కూర్చుకున్న మాటలన్నీ అయిపోయాయి. ఇక, ఎవరికీ చెప్పనిది ఆయనకు చెప్పాను. నీకూ ఇప్పుడే చెప్తున్నానక్కా. బుధవారాలు బడి కాగితాల పని మీద ఇందుకూరుపేట వెళ్తున్నానని రెండేళ్ళుగా నీకు రాస్తున్నాను. అది అబద్ధం. నాకక్కడ నెలకొక్కసారే పని. మిగతా బుధవారాలు ఏరు దాటి, అవతల సరుగుడు తోపులో అరగంట కూర్చుని, మళ్లీ పడవెక్కి వచ్చేదాన్ని. పోయేటప్పుడు రెండుసార్లు, వచ్చేటప్పుడు రెండుసార్లు ఆయన నన్ను టైమెంతని అడిగేవాడు. నాలుగుసార్లు ఒక మనిషి నన్ను పలకరించినట్టయ్యేది. క్రిస్మస్‌కు నేను నీ దగ్గరికి రాకపోవడానికి కారణం కూడా సెలవు దొరకక కాదు. వస్తే తిరిగి ఇక్కడికి రాలేనని భయపడ్డాను.

ఓబయ్య వల పక్కన పెట్టాడు.

“అయితే ఆ జబ్బు నీక్కూడా ఉండాది.”

“ఉంది.”

“నాకంటే ఎక్కువే ఉండాది. మరి నీ పేరు పెట్టుకోకుండా నా పేరెందుకు పెట్టినావు?”

ఏడుపు వచ్చింది. ఆయన ఓదార్చలేదు. “పొద్దుగూకతాది, గట్టు జారతా ఉంటాది, చూసి పో,” అని మాత్రం అన్నాడు.

సోమవారం బడిలో పిల్లలను నిలబెట్టి, ఆ మాట పేరు మారిందని చెప్పాను. ఇకనుంచి అది ‘ఆనందకుమారి టైము’. ఎందుకని అడిగారు. పని లేకుండా పడవెక్కిన సంగతి దాచకుండా చెప్పాను. సాయంత్రానికి పల్లెంతా పాకింది. చేదబావి దగ్గర ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. రెండు రోజులు తల ఎత్తలేకపోయాను. మూడోనాడు సాయంత్రం నాగులమ్మ వచ్చి గుమ్మంలో చతికిలబడింది. ఏమీ అడగలేదు. తన కూతురి కాన్పు సంగతులు చీకటిపడేదాకా చెప్పి వెళ్ళింది.

నిన్న పడవ మళ్లీ నడిచింది. నేను వెళ్ళేసరికి పడవలో ఎవరూ లేరు. ఓబయ్య గెడ తీసుకున్నాడు. నడి ఏట్లోకి వచ్చాక నా ఒళ్ళంతా చెవులు చేసుకుని కూర్చున్నాను.

“మీదేవూరమ్మా?” అన్నాడు.

మూడేళ్ళలో నన్నెవరూ అడగని ప్రశ్న అది. చెప్పాను. అమ్మా నాన్న మన చిన్నప్పుడే కలరాలో పోయారని, బోర్డింగులో పెరిగామని, నాకు ఒక అక్క ఉందని చెప్పాను. ఆయన గెడ ఆపి విన్నాడు. పడవ నీటివాలుకు కొంచెం కిందికి జరిగింది. నేనూ ఆయన భార్య పేరు అడిగాను. “పోలేరమ్మ,” అన్నాడు. “ఆ పేరు నా నోట్లోంచి వచ్చి ఎన్నాళ్ళయిందో!” అన్నాడు. తర్వాత ఆమె ఎంత గయ్యాళో ఒడ్డు తగిలేదాకా చెప్పాడు. ఒడ్డు తగిలాక కూడా చెప్పాడు.

అవతల నాకు పనేమీ లేదని ఆయనకు తెలుసు. దిగమనలేదు. పడవ తిప్పి మళ్లీ ఇటే తీసుకొచ్చాడు.

అక్కా, నా ఒంటరితనం తీరిపోయిందని రాయను. ఈ ఉత్తరం రాస్తుంటే పాకలో నా కలం చప్పుడు తప్ప ఇంకేదీ లేదు. ఇన్నాళ్ళూ బాగున్నానని రాసినందుకు నన్ను క్షమించు. వేసవిలో నీకు సెలవు దొరికితే నువ్వే ఇక్కడికి రా. చూడదగ్గవి ఏమీ లేవు. నీకు పనీ లేదు. ఊరికే రా.

ఇట్లు,
నీ మాట కోసం కాచుకుని ఉండే చెల్లెలు,
ఆనందకుమారి