ఎడమవైపు ఒర

ప్రియమైన వదిన గారికి,

మీ చెల్లెలి చివరి రోజు ఎలా గడిచిందో రాయమన్నారు. కాలికి కట్టుతో మీరు రాలేకపోయారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పొద్దున లేచి కాఫీ తాగింది. జ్వరం లేదు. కిటికీ దగ్గర కుర్చీ వేయమంది. మేము ఇంట్లో చేస్తున్న కత్తికి తోలు ఒర కుడుతూ కూర్చుంది. ఆ కుట్టు మీకు తెలిసిందే. ఒకే దారం, రెండు కొసలకూ రెండు సూదులు. అవతలి సూది నా చేతికిచ్చింది. "అంత గట్టిగా లాగకండి, ఎద్దును లాగుతున్నారా?" అని కసిరింది. మధ్యాహ్నానికి అలసిపోయి, "ఇంకో నాలుగు కుట్లే. అక్క వస్తుందా?" అంది. కాలు బాగయ్యాక వస్తారన్నాను. పడుకుంది. సాయంత్రం లేపబోతే లేవలేదు. అంతే.

ఇక కత్తి సంగతి. ఇనుము రాకే పాత ఉక్కు ఆకురాయిని పొయ్యిలో ఎర్రగా కాల్చి, చల్లార్చి, అరగదీసి, మళ్ళీ కాల్చి నూనెలో ముంచాను. తోలు పలచగా చెక్కే కత్తి కావాలంది. పదును ఒకవైపే పెట్టమని, ఏ వైపో సుద్దతో తానే గుర్తు పెట్టింది. తీరా చూస్తే అది తప్పు వైపు. నా చేతిలో కత్తి తోలు చెక్కదు, లోపలికి దిగబడుతుంది. ఒరకు పట్టీ కూడా ఎడమ నడుముకు వచ్చేలా కుట్టింది. మందుల మగతలో పొరపాటు పడి ఉంటుంది. తన తప్పు నలుగురి కంట పడటం ఆమెకు ఇష్టం ఉండదు. ఆదివారం విప్పి సరిచేస్తాను. తోలు చిరగకుండా కుట్టు ఎలా విప్పాలో రాయండి.

మీ మరిది

*

మరిదిగారికి ఆశీస్సులు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి నా వల్ల కాలేదు.

కుట్టు ఎలా విప్పాలో నాకు తెలుసు. చెప్పను. ముందు ఇంట్లో కత్తెర ఉంటే ఎక్కడైనా దాచేయండి. నా చెల్లెలు నిద్రలో కుట్టినా కుట్టు తప్పదు. నాన్న తోలు సంచుల కొట్టులో మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని పనిచేసేవాళ్ళం. పక్కపక్కన కూర్చుంటే మోచేతులు తగిలి ఒకటే పోట్లాట. "నేను తోలు కొన్నది మీరు కుస్తీ పడటానికా?" అనేవాడు నాన్న.

ఒక్క పని చేయండి. ఆ కత్తిని ఎడమచేత్తో పట్టుకుని తోలు చెక్కి చూడండి. మిగతాది నేను రాయబోతే అక్షరాలు అలుక్కుపోతున్నాయి.

వేళకు తింటున్నారా? కూర మాడ్చుకుని, బాగానే ఉందనుకుని తినేస్తుంటారు. మీ సంగతి నాకు తెలియదా?

మీ వదిన

*

ప్రియమైన వదిన గారికి,

ఎడమచేత్తో పట్టుకున్నాను. అలవాటు లేని చెయ్యి. అయినా తోలు ఉల్లిపొరలా లేచింది.

మీరు రాస్తుంటే చూశాను, వడ్డిస్తుంటే చూశాను. అన్నీ కుడిచేత్తోనే. కత్తి పట్టగా ఎప్పుడూ చూడలేదు. నిన్న గోడ మీది పాత ఫోటో దించాను. కొట్టు ముందు అక్కాచెల్లెళ్ళు. మీ ఎడమచేతిలో తోలుకత్తి. ఇన్నాళ్ళూ ఆ ఫోటోలో నేను ఆమెనే చూశాను.

విరిగిన కుర్చీ చెయ్యి చెక్కి కత్తికి పిడి చేసిన రోజు, నా గుప్పిట్లో ఇమడటం లేదన్నాను. "మీ కోసం కాదులెండి" అని నవ్వింది. ఎవరి కోసమో నేను అడగలేదు.

కుట్టు విప్పలేదు. సూదులు రెండూ ఆమె గుచ్చి పెట్టిన చోటే ఉన్నాయి.

ఈ ఉత్తరం పోస్టు చేయను, మీ చేతికే ఇస్తాను. రేపు పొద్దున మొదటి బస్సుకు కత్తినీ ఒరనూ గుడ్డలో చుట్టుకుని బయలుదేరుతున్నాను. మిగిలిన నాలుగు కుట్లకు మీరు ఆమె వైపు కూర్చోండి. అవతలి సూది నేను పట్టుకుంటాను. గట్టిగా లాగను.

మీ మరిది