నలుపు మీద ఐదు, తెలుపు మీద ఐదు

తేదీ: నవంబరు 16, ఆదివారం, పొద్దున తొమ్మిదిన్నర

చిరంజీవి బుల్లికి,

మీ అక్క మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ మీ బావా క్షేమం. అక్కడ నువ్వూ, మరిదిగారూ, పిల్లలూ క్షేమమని తలుస్తాను. నా మీద నీ కోపం కూడా క్షేమంగానే ఉండి ఉంటుంది. అది మన పుట్టింటి సొత్తు, అంత తొందరగా పాడవదు.

ముందు ఈ చేతిరాత చూడు. ఇది మీ బావ రాసింది కాదు, పక్కింటి అమ్మాయి చేత రాయించింది కాదు. నేనే, నా చేత్తో, గీత తప్పకుండా రాస్తున్నాను. కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయి ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. నీకు చెప్పలేదని అలగకు. చెబితే నువ్వు వస్తావు, నువ్వొస్తే నేను ఏడుస్తాను, కన్ను తడవకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. మీ బావ నర్సు అవతారం ఎత్తారు. గోడ గడియారం కింద కుర్చీ వేసుకుని కూర్చుంటారు. వేళ కాగానే మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని వచ్చి చుక్క వేస్తారు. ఆ ఒక్క చుక్కకి ఆయన చేసే హడావిడి చూస్తే ఆపరేషన్ చేసింది కూడా ఆయనేనేమో అనిపిస్తుంది. మందు బిల్లుతో సహా ఆసుపత్రి దుకాణంలోనే కొన్నాం. మూత తీసిన తేదీ సీసా మీద రాశాను. నెల దాటితే ఇంకా మిగిలున్నా పారేయాల్సిందే. అది మాత్రం నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కట్టు విప్పగానే మొదట కనబడింది మీ బావ ముఖం. ఈ మనిషి ఇంత ముసలాడు ఎప్పుడయ్యాడు అనుకున్నాను. ఆయన అదృష్టం, పైకి అనలేదు.

ఇక అసలు సంగతి. నువ్వు మా గుమ్మం దిగి వెళ్ళి మూడు నెలలవుతోంది. ఆ రోజు ఏం జరిగిందో నీకూ తెలుసు. అయినా నా వైపు నుంచి ఒకసారి రాయనీ. ఉత్తరంలో అయితే మధ్యలో నా మాటకి అడ్డు రాలేవు.

ఆ సంచీ మనిషి మా వరండాలోకి వచ్చేసరికి నేనూ, వీధి మొదట్లో కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ అన్నయ్యా కూర్చుని ఉన్నాం. నలగని చొక్కా, నవ్వు ముఖం. కత్తి లేదు, కట్టు లేదు, మూడు నెలలు ఈ చుక్కలు వేసుకుంటే శుక్లం దానంతటదే కరిగిపోతుందండీ, ఇది విదేశీ సరుకు, దుకాణాల్లో దొరకదు అన్నాడు. దర్జీ అన్నయ్యకి రెండు కళ్ళలోనూ పొర కమ్ముతోంది. సూదిలో దారం ఎక్కించడానికి దారిన పోయేవాళ్ళని పిలుస్తున్నాడు. ఆపరేషన్ మాటెత్తితే చాలు, ఊళ్ళో లేని పనులన్నీ ఆయనకే గుర్తొస్తాయి. ఏమంటావు చెల్లెమ్మా అన్నట్టు ఆశగా నా వైపు చూశాడు.

నేనేమైనా తక్కువదాన్నా? ముప్పై ఒక్క ఏళ్ళు కంటిమందుల కంపెనీలో సీసాలు చూసినదాన్నయ్యా, నాకు చెబుతున్నావా అన్నాను. సంచీ మనిషికి అంతకంటే ఏం కావాలి? అయితే మీరే చూసి చెప్పండమ్మా, మీ మాటే మాట అని సీసా నా చేతిలో పెట్టాడు. ఆ పొగడ్తకి నేను గాల్లో తేలిపోయాను.

లోపలికి వెళ్ళి నల్ల గొడుగూ, తెల్ల తువ్వాలూ తెచ్చాను. మన కంపెనీ పద్ధతి ఒక్క పిసరు తప్పలేదు. సీసాని తలకిందులు చేసి, మందులో బుడగ లేవకుండా నెమ్మదిగా ఒక్క తిప్పు తిప్పి, నలుపు ముందు ఐదు అంకెలు, తెలుపు ముందు ఐదు అంకెలు లెక్కపెట్టాను. తెల్ల నలుసుంటే నలుపు మీద దొరకాలి, నల్ల నలుసుంటే తెలుపు మీద దొరకాలి. శుభ్రంగా ఉంది అని తీర్పు చెప్పాను. ఆ రోజు మబ్బు పట్టి వరండాలో వెలుతురు చాలలేదు, అది కూడా గుర్తుపెట్టుకో.

సరిగ్గా అప్పుడే డ్యూటీ దిగి నువ్వు వచ్చావు. కంపెనీలో టిఫిన్ డబ్బా మరిచిపోకుండా తెచ్చుకున్న అరుదైన రోజుల్లో అదొకటి. డబ్బా కింద పెట్టకుండానే ఒక చేత్తో సీసా అందుకున్నావు. లోపల పోగుల్లాంటి నలుసులు తేలుతున్నాయి అన్నావు. బ్యాచ్ నంబరూ, గడువు తేదీ లేబుల్‌తో పాటే ఒకే సిరాలో అచ్చయ్యాయేమిటి, మన దగ్గర సీసా నిండాక కదా ఆ ముద్ర కొడతారు, ఏ రోజు నింపుతారో వీళ్ళకి లేబుల్ అచ్చేసే నాడే ఎలా తెలిసింది అన్నావు. తయారుచేసినవాళ్ళ చిరునామా ఏదీ అన్నావు. ఇవన్నీ సరిగ్గా ఉన్నా సరే, శుక్లాన్ని కరిగించే చుక్కలు ఇంకా ఎవరూ కనిపెట్టలేదు, అన్నయ్యగారూ కొనకండి అని దర్జీ అన్నయ్యకి చెప్పావు. అక్కడితో ఆగితే బాగుండేది. నా వైపు తిరిగి, అక్కా, ముందు నీ కళ్ళు చూపించుకో అన్నావు. అందరి ముందూ.

నాకు తల కొట్టేసినట్టయింది. నా పక్క స్టూలు మీద కూర్చుని సీసా పట్టుకోవడం నేర్చుకున్నదానివి, నాకే వంక పెడతావా అన్నాను. రిటైరైన నాడు కంపెనీ ఇస్తే గోడకి తగిలించుకున్న జ్ఞాపిక చూపించి, దాని మీద ఏముందో చదువు అన్నాను. ముప్పై ఒక్క ఏళ్ళ సేవలో ఒక్క సీసా కూడా తిరిగి రాలేదు అని ఉంది దాని మీద. నువ్వు అటు చూడలేదు. నా ముఖంలోకి చూశావు. ఏదో అనబోయి, అనకుండా చెప్పులు వేసుకుని వెళ్ళిపోయావు. ఆ పంతంలో నేనొక సీసా కొన్నాను. నన్ను చూసి దర్జీ అన్నయ్య ఒకటి కొన్నాడు.

తొమ్మిదో రోజు ఆయన మా ఇంటికొచ్చాడు. కుడికన్ను చింతనిప్పులా ఉంది, రెప్ప వాచి మూసుకుపోయింది. తిట్టడానికి రాలేదు, బుల్లీ. చెల్లెమ్మా, మందు గట్టిగానే పనిచేస్తున్నట్టుంది, ఈ మంట ఇంకా ఎన్నాళ్ళు ఉంటుంది అని అడగడానికి వచ్చాడు. తిట్టినా బాగుండేది. మీ బావ వెంటనే లోపలికి వెళ్ళి నీకు ఫోన్ చేశారు.

పావుగంటలో వచ్చావు. మా గుమ్మం ఎక్కలేదు. నువ్వు చేసినవన్నీ తర్వాత దర్జీ అన్నయ్యే చెప్పాడు. ఆయన మందు సీసాకి మూత బిగించి, శుభ్రమైన కవరులో వేసి, పైన తేదీ, వేళ రాశావట. ఆయన రెక్క పట్టుకుని కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళావట. నల్లగుడ్డు మీద పుండు పడిందనీ, ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే చూపు దక్కేది కాదనీ డాక్టరమ్మ చెప్పిందట. మూడు రోజులు సెలవు పెట్టి, గంట గంటకీ నువ్వే చుక్కలు వేశావట. ఆ కన్ను నిలిచింది. ఇవాళ ఆయన మిషను చప్పుడు మా ఇంట్లోకి వినబడుతుంటే, అది మా చెల్లెలి పనే అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతున్నాను. మీ బావకి విని విని విసుగొచ్చింది.

తర్వాతి సంగతి నీకు పూర్తిగా తెలియదు. నువ్వు అప్పజెప్పిన సీసా చూసి ఔషధ తనిఖీ అధికారి, ఇది వాడిన సీసా, వాడినవాడే పాడుచేశాడని అంటారు, మూత తీయనిది ఉంటేనే కేసు నిలుస్తుంది అన్నాడట కదా. ఆ మాట మీ బావ ద్వారా నా చెవిన పడగానే నాకు మా బీరువా గుర్తొచ్చింది. నా సీసా ఇంకా సీలు తీయలేదు. ఈ పనీ ఆ పనీ మధ్య వేళ కుదరక అలాగే ఉండిపోయింది.

నేనే తీసుకుని వెళ్ళాను. వాంగ్మూలం కావాలన్నారు. ఏమని రాయాలి? ముప్పై ఒక్క ఏళ్ళు సీసాలు చూసిన మనిషి ఈ సీసా శుభ్రం అంది, ఆవిడ మాట నమ్మి దర్జీ కొన్నాడు అని రాయాలి. ఒక్క సీసా కూడా తిరిగి రాలేదని ఊరంతా చెప్పుకున్నదాన్ని, ఆ సీసాని నా చేత్తో నేనే తిప్పి పంపాను. మీ బావ రాశారు, నేను సంతకం పెట్టాను. పెట్టాక గుండె తేలికపడింది.

పరీక్షలో రెండు సీసాల్లోనూ మందన్న మాటే లేదని తేలింది. ఉప్పునీళ్ళు, దుమ్ము, క్రిములు, అంతే. సంచీ మనిషీ దొరికాడు, పెట్టెల కొద్దీ సరుకు దాచిన గదీ దొరికింది. ఇదంతా ముందుగా పసిగట్టింది ఎవరమ్మా అని ఆ అధికారి అడిగాడు. అప్పుడు నన్ను నువ్వు చూడాల్సింది. మా చెల్లెలండీ అన్నాను. ఆఫీసంతా వినేలా అన్నాను. పరికరం లేదు, పాడూ లేదు, ఒక చేతిలో టిఫిన్ డబ్బా పట్టుకుని ఉత్త కంటితో నిమిషంలో తేల్చేసింది అన్నాను. ఆయన కలం పక్కన పెట్టి, మా దగ్గర కొత్తగా చేరినవాళ్ళకి సీసా ఎలా చూడాలో ఆవిడ ఒక పూట వచ్చి నేర్పుతారా అన్నాడు. వస్తుంది అనేశాను. నిన్ను అడగకుండా మాటిచ్చానని విసుక్కోకు. ఈసారి నోరు జారలేదు, తెలిసే అన్నాను.

అక్కణ్ణుంచి నేరుగా ఆసుపత్రికే వెళ్ళాను. శుక్లం అంటే కంటి లోపలి కటకమే మసకబారడం, పైన వేసే చుక్కలు దాన్ని కరిగిస్తాయని ఇంతవరకూ రుజువు కాలేదు, ఆ కటకం తీసి కొత్తది పెట్టించుకోవడమే దారి అంది డాక్టరమ్మ. నువ్వు వరండాలో చెప్పిందే, కాకపోతే ఈవిడ కోటు వేసుకుని చెప్పింది. మొత్తం అరగంట పని. దీనికోసమా ఇన్నేళ్ళు దాక్కున్నాను అని నవ్వొచ్చింది.

దర్జీ అన్నయ్య కూడా ఎడమకంటికి ఆపరేషన్ చేయించుకుంటానని ఒప్పుకున్నాడు. నీకోసం గుడ్డసంచీ ఒకటి కుట్టాడు, ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఒకవైపు నలుపు, ఒకవైపు తెలుపు. ఆ కొత్తవాళ్ళకి నేర్పేటప్పుడు సీసా వెనక పట్టుకుంటే పనికొస్తుందట. కూలి ఇస్తానంటే మిషను మూసేసి ఇంటికి పోతానన్నాడు.

నిన్ను తలుచుకుంటే నాకు ఎంత గర్వంగా ఉందో ఎదురుగా ఉంటే చెప్పలేను, నాకు అంత చాకచక్యం లేదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. వచ్చే ఆదివారం రా. మీ బావ చేతులు కడుక్కునే వైభవం చూద్దువుగాని.

ఇట్లు,
నీ పక్క స్టూలు అక్క

తా.క. ఉత్తరం మడిచి, మళ్ళీ విప్పాను. పైన రెండు అబద్ధాలున్నాయి. వాటిని అలాగే పంపితే ఈ కన్ను బాగుచేయించుకుని ఏం లాభం?

ఆ రోజు వరండాలో వెలుతురు బాగానే ఉంది. నాకు నలుసులే కాదు, సీసాలో మందు ఎంతవరకు ఉందో కూడా కనబడలేదు. అంకెలు లెక్కపెట్టి, అలవాటు కొద్దీ శుభ్రం అనేశాను. నా సీసా సీలు తీయనిది వేళ కుదరక కాదు. నువ్వు కాదన్న మందు నా కంట్లో వేసుకునే ధైర్యం లేకపోయింది. దర్జీ అన్నయ్యని మాత్రం ఆపలేదు. పరువు అడ్డొచ్చింది. నిన్న ఆయన దగ్గరికి వెళ్ళి ఈ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. చాలాసేపు తల ఎత్తకుండా మిషను తొక్కాడు. తర్వాత దారం తెంపి, నీ సంచీ నా చేతిలో పెట్టాడు.

నీ కంటి మీద నాకు అంత నమ్మకం ఎప్పటినుంచో కూడా చెప్పేస్తాను. కంపెనీలో నా చివరి ఏడాది, రోజూ సాయంత్రం గేటు దాకా వచ్చి, అయ్యో డబ్బా మరిచిపోయానక్కా అంటూ వెనక్కి పరిగెత్తేదానివి. ఒకరోజు నీ వెనకే వచ్చాను. నేను చూసి దాటించిన ట్రేలన్నీ ముందు పెట్టుకుని, ఒక్కో సీసా మళ్ళీ చూస్తున్నావు. పనికిరానివి ఏడు పక్కన పడుకోబెట్టి ఉన్నాయి. నేను తలుపు దగ్గర నుంచే తిరిగొచ్చేశాను. ఆరు నెలలకోసారి చేసే కంటి పరీక్షలో, గోడ మీది అక్షరాల పట్టిక కంఠస్థం చేసి అప్పజెప్పేదాన్నని కూడా నీకు తెలిసే ఉంటుంది. ఆ సంగతి సంచీ మనిషి ముందు ఒక్క మాట అంటే నా నోరు మూతపడేది. నువ్వు అనలేదు.

ఆ జ్ఞాపిక గోడ మీంచి తీసి ఈ సంచీలో పెట్టాను. నా పేరు కింద నీ పేరు చెక్కించాను. అక్షరాలు నేనే సరిచూశాను, నలుపు మీద పెట్టి ఐదు, తెలుపు మీద పెట్టి ఐదు లెక్కపెట్టి. ఎక్కడా తప్పు లేదు. ఆ రోజు చదవమంటే చదవలేదు కదా, ఇప్పుడు చదువు.