షున్‌తక్ అత్త మంచం

3 నవంబర్ 2003

ఈ ఏడాది నుంచి మా ఊరు విడి నగరం కాదు, దక్షిణ చైనాలోని ఫోషాన్ నగరంలో ఒక డిస్ట్రిక్ట్. మ్యూజియం బోర్డులన్నీ నేను మళ్ళీ రాయాలి. ఊరి పేరు ఇంగ్లీషులో అన్నిచోట్లా 'షుండే' అనే ఉండాలని మేనేజర్ లౌ ఆర్డరు. మా మేనత్త యుక్ సిమ్ సింగపూర్ నుంచి తెచ్చుకున్న ట్రంకు పెట్టె మీదేమో ఒక పక్క షున్‌తక్, ఓడ లేబుల్ మీద షుంటాక్, మూత మీద షున్‌టే. ఏది నిజమత్తా అంటే నవ్వింది. ఏది రాసినా నేను పంపిన బియ్యం, గుడ్డలు మీ నాన్నకు చేరేవే, కానీ షుండే ఆఫీసర్ల ఊరు, మన యాసలో పిలుచుకునే షున్‌తక్ నాది అంది.

9 నవంబర్

అత్తను ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నాడు డాక్టరు. ఇక ఎన్నో రోజులు లేవట.

నాన్న నన్ను వంటింట్లోకి పిలిచి, అక్క ఇక్కడ పోకూడదే అన్నాడు. అత్త పద్దెనిమిదో ఏట తన కొప్పు తనే ముడుచుకుని, జన్మలో పెళ్ళి చేసుకోనని ఒట్టు పెట్టుకుంది. అలాంటి ఆడది పుట్టింట్లో పోతే ఇంటికి అరిష్టమట.

సిగ్గు లేదూ అని అరిచాను. నలభై ఏళ్ళు పరాయి ఇళ్ళలో అంట్లు తోమి, ఈ గోడలు లేపింది ఎవరు?

10 నవంబర్

ఒట్టు పెట్టుకున్న ఆడవాళ్ళంతా చందాలేసుకుని, ముసలితనానికీ చావుకీ కట్టుకున్న హాలే మా మ్యూజియం. అత్త మంచం ఇంకా అక్కడే ఉంది, చూడవచ్చినవాళ్ళు ముట్టుకోకుండా కట్టిన తాడు అవతల. ఆవిణ్ణి అక్కడ ఉండనివ్వండని లౌను బతిమాలాను. టికెట్టు కొన్నవాళ్ళకు శవాన్ని చూపించమంటావా తల్లీ అన్నాడు. చావబోయే మనిషికి అద్దె గది మాత్రం ఎవరిస్తారు?

13 నవంబర్

నాన్న గంజి తాగిస్తూ ఏడ్చాడు. అయినా మాట మార్చలేదు.

17 నవంబర్, సోమవారం

మ్యూజియానికి సెలవు. తాళాలు నా దగ్గరే.

నాన్నతో పోట్లాడైనా ఇంట్లోనే ఉంచేద్దామనుకున్నాను. అత్తే ఒప్పుకోలేదు. ఒట్టు వేసింది నేను, నా వల్ల తమ్ముడింటికి కీడెందుకే, మా హాలుకే పద అంది. కొప్పు తనే ముడుచుకుంది. నాన్న వీపు మీద మోసుకొచ్చాడు. చిన్నప్పుడు అత్త తనను ఇలాగే మోసేదట, దారంతా అదే చెప్పాడు.

ఆ మంచం మీదే పడుకోబెట్టాం. తలగడ పక్కన నా కొత్త బోర్డు. కళ్ళు ఆనడం లేదే, ఏం రాశావో చదువు అంది. షున్‌తక్ అని చదివాను.

18 నవంబర్

తెల్లవారేసరికి పోయింది. లౌ వచ్చి కేకలేశాడు, తరవాత తనే గేటు మూయించాడు.

నాన్న తాడు పక్కన నేల మీద కూర్చున్నాడు. ఇంటికి పద నాన్నా అన్నాను.

ఆ ఇంట్లో నేను మాత్రం ఎలా చస్తానే అన్నాడు.